గుయ్యిమనే ఆంప్లిఫయర్: గ్రౌండ్, ఎర్త్, ఆసిలేషన్‌తో ఐదు వారాలు

జూన్ 7, శనివారం

మొత్తానికి ఇవాళ సామానంతా చేతికొచ్చింది. పొద్దున్నే కోఠి వెళ్లి గుజరాతీ గల్లీలో నాలుగు షాపులు తిరిగితే గానీ 35 ఆంపియర్ల బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల గుత్తి), 10,000 మైక్రోఫారడ్ 50 వోల్టుల కెపాసిటర్లు ఒకే రకంవి రెండూ దొరకలేదు. ట్రాన్స్‌ఫార్మర్ ముందే చుట్టించి పెట్టుకున్నాను, 18-0-18 వోల్టులు, 5 ఆంపియర్లు, మామూలు ఈఐ కోర్ (ఇనుప రేకులు పేర్చినది). టొరాయిడ్ (గుండ్రటి రింగు రకం) అయితే బాగుండేది కానీ బడ్జెట్ సరిపోలేదు.

కట్టబోయేది ఎల్‌ఎం3886తో రెండు ఛానెళ్ల ఆంప్లిఫయర్. ఇది నేషనల్ సెమీకండక్టర్ వాళ్లు చేసిన చిప్, 2011లో ఆ కంపెనీని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనేసింది. ప్లస్ మైనస్ 28 వోల్టుల మీద 4 ఓముల స్పీకరుకి 68 వాట్లు ఇస్తుందని డేటాషీట్ (కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) చెబుతుంది. నాకంత అవసరం లేదు. నాన్న కొన్న పాత స్పీకర్లు 8 ఓములవి, నా సప్లై మీద పాతిక వాట్ల దాకా వస్తే ఈ చిన్న గదికి ఎక్కువే. నాకు కావాల్సింది వేరే. రాత్రి పదకొండింటికి పాటకీ పాటకీ మధ్య గ్యాప్‌లో స్పీకర్ల నుంచి ఏ శబ్దమూ రాకూడదు. ఇంతకు ముందు చేసిన రెండు ఆంప్‌లూ అక్కడే ఓడిపోయాయి, ఈసారి దాన్ని తేల్చుకునే దాకా వదలకూడదనే ఈ డైరీ మొదలుపెట్టాను.

జూన్ 8, ఆదివారం

చిప్‌లు పెట్టకుండా ముందు పవర్ సప్లై ఒక్కటే, అది కూడా కరెంటు దారిలో వరసగా ఒక బల్బు (సిరీస్ బల్బు) పెట్టి ఆన్ చేశాను. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు దీనికోసమే దాచుకున్నాను. బల్బు ఒక్కసారి గట్టిగా వెలిగి, కెపాసిటర్లు నిండాక మసకబారింది. అలా కాకుండా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. సప్లై ప్లస్ 26.4, మైనస్ 26.5 వోల్టులు.

తర్వాత చిప్‌లు. ఎల్‌ఎం3886లో వీపు వెనక లోహపు ట్యాబు మైనస్ సప్లైకి కలిసి ఉండే రకం ఒకటి, పూర్తిగా ప్లాస్టిక్ తొడుగున్న రకం ఇంకొకటి ఉన్నాయి. నావి మొదటి రకం కాబట్టి మైకా షీటు, ప్లాస్టిక్ వాషరు వేసి బిగించి, ట్యాబుకీ హీట్ సింకుకీ (చిప్ వేడి లాగే లోహపు దిమ్మ) మధ్య మీటరు పెట్టి కంటిన్యూటీ (కరెంటు పోయే దారి) లేదని చూసుకున్నాకే కరెంటు ఇచ్చాను. ఒక్కో చిప్ సప్లై లైనులో ఫ్యూజు చోట 1 ఓమ్ 5 వాట్ల రెసిస్టర్ పెట్టాను, దాని మీద ఎన్ని మిల్లీవోల్టులు కనిపిస్తే అన్ని మిల్లీ ఆంపియర్లు వెళ్తున్నట్టు, లెక్క కట్టే పని లేదు. రెండు వైపులా 50 దగ్గర ఉంది, డేటాషీట్‌లోనూ ఖాళీగా ఉన్నప్పుడు 50 మిల్లీ ఆంపియర్లే.

పాట పెట్టాను. ఎంత బాగుందో! గొంతు ఎదురుగా నిలబడి పాడినట్టుంది. పాట అయిపోయింది. గుయ్యి...

జూన్ 11, బుధవారం రాత్రి

ఇన్‌పుట్ రెండు పిన్నులూ షార్ట్ చేసినా గుయ్యి పోలేదు. అంటే ఇది ఫోన్ నుంచో కేబుల్ నుంచో వస్తున్నది కాదు, పెట్టె లోపలే పుడుతోంది. స్పీకర్ టెర్మినల్స్ మీద మీటరు ఏసీ మిల్లీవోల్టుల్లో 31 చూపించింది. 31 మిల్లీవోల్టులంటే వినడానికి ఏమీ లేనట్టుంటుంది గానీ, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పక్క గదికి కూడా వినిపిస్తుంది.

ఆ శబ్దం 50 హెర్ట్జా, 100 హెర్ట్జా అన్నది ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే రెండింటి జబ్బులు వేరు. 50 అయితే ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం గానీ, ఎర్త్ లూప్ (ఎర్త్ వైర్లు రెండు దారుల్లో కలిసి చుట్టు కట్టడం) గానీ. 100, 200, 300 అలా వరుసగా వస్తుంటే బ్రిడ్జి నుంచి కెపాసిటర్లు నిండేటప్పటి కరెంటు ఎక్కడో సిగ్నల్ గ్రౌండులో (పాట కరెంటు తిరిగి వెళ్లే సున్నా వోల్టుల దారిలో) దూరుతున్నట్టు. చెవికి కూడా తేడా తెలుస్తుంది, 50 మెత్తగా ఉమ్మ్ అంటుంది, రెండోది తేనెటీగలా గరగరలాడుతుంది. ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ పెట్టి స్పీకర్ దగ్గర పట్టుకుంటే 100, 200, 300, 400 దగ్గర మెట్లు మెట్లుగా గీతలు. అంటే రెండోదే.

కాగితం తీసుకుని నేను వేసిన గ్రౌండ్ వైరింగ్ ఉన్నది ఉన్నట్టు గీశాను. సర్క్యూట్ డయాగ్రమ్‌లో గ్రౌండ్ గుర్తు ఎక్కడ ఉన్నా అంతా ఒకటే అన్నట్టు చూపిస్తుంది కాబట్టి మనమూ ఏది దగ్గరగా ఉంటే దానికి అతికిస్తాం. నేనూ అదే చేశాను. రెండు పెద్ద కెపాసిటర్ల మధ్య గ్రౌండులని కలిపే 8 సెంటీమీటర్ల వైరు ఉంది. దానికి ఒక చివర ఇన్‌పుట్ జాక్ గ్రౌండ్, ఇంకో చివర ఫీడ్‌బ్యాక్‌లో (అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చే దారిలో) ఉండే 1 కిలోఓమ్ రెసిస్టర్ గ్రౌండ్.

ఇప్పుడు లెక్క చూడండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకి దాదాపు 12 మిల్లీఓములు ఉంటుంది. 8 సెంటీమీటర్లకి సుమారు 1 మిల్లీఓమ్. చిప్‌లు రెండూ కలిపి తాగేది 100 మిల్లీ ఆంపియర్లే అయినా, బ్రిడ్జి ఆ కరెంటుని నిలకడగా ఇవ్వదు, ప్రతి 10 మిల్లీసెకన్లకి ఒకసారి రెండు మూడు మిల్లీసెకన్ల పాటు పొడిచినట్టు ఇస్తుంది, ఆ పోటు ఇంచుమించు ఒక ఆంపియర్ దాకా వెళ్తుంది. అది ఒక కెపాసిటర్ నుంచి రెండో దానికి సరిగ్గా ఈ వైరు మీదుగానే పోతుంది. అంటే వైరు రెండు చివరల మధ్య 1 మిల్లీవోల్టు. ఇన్‌పుట్ ఒక చివర నుంచి కొలుస్తోంది, ఫీడ్‌బ్యాక్ రెండో చివర నుంచి కొలుస్తోంది, ఆ తేడా చిప్‌కి పాటలాగే కనిపిస్తుంది. నా గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ లెక్క) 23. ఒకటి ఇరవై మూళ్లు ఇరవై మూడు, మిగతా పెట్టెలో ఇలాంటివే ఇంకో రెండు చిన్న తప్పులు ఉంటే 31 ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

రాత్రి రెండింటికి ఈ లెక్క తేలాక నిద్ర పట్టలేదు, చెయ్యి లాగుతోంది. కానీ నిద్రమత్తులో మెయిన్స్ (గోడ సాకెట్ కరెంటు) ఉన్న పెట్టె ముట్టుకోకూడదని నేను పెట్టుకున్న నియమం.

జూన్ 14, శనివారం

గ్రౌండ్ వైరింగ్ మొత్తం పీకేశాను. రెండు కెపాసిటర్లనీ పక్కపక్కన జరిపి, గ్రౌండ్ పిన్నుల మధ్య మందపాటి రాగి పట్టీ వేశాను, పొడవు 3 సెంటీమీటర్లు. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగ ఆ పట్టీ నడుమకి వస్తుంది. అదే నడుమ నుంచి ఇంకో పట్టీ 5 సెంటీమీటర్లు పక్కకి తీసి, దాని కొసన ఒక ఇత్తడి బోల్టు. పైనుంచి చూస్తే ఇంగ్లిష్ టీ అక్షరంలా ఉంటుంది. ఛార్జింగ్ పోట్లు టీ తల మీదే అటూ ఇటూ తిరుగుతాయి, కాలు మీదకి రావు. మిగతా గ్రౌండులన్నీ కాలి కొసనున్న బోల్టుకే, పట్టీ తల మీద ఇంకేమీ అతికించకూడదు. స్టార్ గ్రౌండ్ అని చెప్పి రెండు కెపాసిటర్ల మధ్యనే అన్నీ గుత్తిగా కట్టేసిన వాళ్లని చాలామందిని చూశాను, అలా చేస్తే గుత్తి సరిగ్గా వరద మధ్యలో పెట్టినట్టే.

బోల్టుకి వచ్చేవి: ఎడమ స్పీకర్ తిరుగు వైరు, కుడి స్పీకర్ తిరుగు వైరు, ఒక్కో బోర్డు పవర్ గ్రౌండ్, ఒక్కో బోర్డు సిగ్నల్ గ్రౌండ్. బోర్డు మీద ఇన్‌పుట్ జాక్ గ్రౌండూ, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ గ్రౌండూ ఒకే రంధ్రంలో కలిశాకే వాటి వైరు బోల్టుకి బయల్దేరుతుంది. ఆ వైరులో పెద్ద కరెంటు ఏదీ పోదు, ఒకవేళ కొసన కొంచెం అటూ ఇటూ కదిలినా ఇన్‌పుట్, ఫీడ్‌బ్యాక్ రెండూ కలిసే కదులుతాయి, తేడా పుట్టదు. ఈ వాక్యం నాకు అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది.

31 నుంచి 4 మిల్లీవోల్టులకి దిగింది.

జూన్ 15, ఆదివారం

మిగిలిన 4లో ఎక్కువ భాగం 50 హెర్ట్జే. ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు వదులు చేసి, ఆన్‌లో ఉండగానే ఒక ఎండు కర్రతో మెల్లగా తిప్పుతూ విన్నాను. ఒక కోణంలో స్పష్టంగా తగ్గుతుంది. మొదట పెట్టినదానికి అడ్డంగా తిప్పి, బోర్డుల నుంచి ఇంకో 7 సెంటీమీటర్లు జరిపాను. సెకండరీ మూడు తీగలనీ జడలా అల్లాను, ఇన్‌పుట్ వైర్లని మెలిపెట్టి పెట్టె రెండో అంచు వెంట పోనిచ్చాను. 1.6 మిల్లీవోల్టులకి వచ్చింది.

జూన్ 20, శుక్రవారం

నిన్న చేసిన పని గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇదే తప్పు చాలామంది చేస్తారు, చేసినట్టు తెలియదు కూడా.

1.6 కూడా పోవాలనిపించింది. గెయిన్ తగ్గిస్తే హమ్ (ఆ గుయ్యి శబ్దం) కూడా అంతే తగ్గుతుంది కదా, పైగా ఫోన్ నుంచి సిగ్నల్ బోలెడు వస్తోంది, 23 రెట్లు ఎందుకు అనుకుని ఫీడ్‌బ్యాక్‌లో 22 కిలోఓములు తీసేసి 4.7 పెట్టాను. గెయిన్ దాదాపు 6 అయింది. హమ్ 0.5కి పడిపోయింది, చెవి ఆనించినా వినపడలేదు. ఎంత సంతోషమో.

ఇవాళ ఆఫీసు నుంచి వచ్చి ఆన్ చేసి, టీ పెట్టుకుని వచ్చేసరికి గదిలో కాలిన వాసన. పాట ఏదీ పెట్టలేదు. హీట్ సింక్ మీద చెయ్యి పెట్టలేకపోయాను. అవుట్‌పుట్ దగ్గరుండే జోబెల్ నెట్‌వర్క్‌లో (అవుట్‌పుట్‌ని నిలకడగా ఉంచే రెసిస్టర్, కెపాసిటర్ జతలో) 2.7 ఓముల రెసిస్టర్ నల్లగా మాడిపోయింది. సప్లై లైనులో 1 ఓమ్ రెసిస్టర్ మీద 290 మిల్లీవోల్టులు! ఖాళీగా ఉన్న చిప్ 50 తాగాల్సింది 290 తాగుతోంది. గబగబా ఆపేశాను, గుండె దడదడలాడింది.

జోబెల్‌లో రెసిస్టరుకి వరసలో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది, మామూలు పాట ఫ్రీక్వెన్సీల్లో దాని గుండా చెప్పుకోదగ్గ కరెంటు పోదు. అది మాడిందంటే అవుట్‌పుట్‌లో మన చెవికి అందని, రేడియో ఫ్రీక్వెన్సీలో ఏదో ఊగుతోందన్నమాట.

జూన్ 21, శనివారం

నా దగ్గరున్న చిన్న కిట్ స్కోప్ (వోల్టేజిని తెర మీద గీతగా చూపేది) 200 కిలోహెర్ట్జ్ దాకానే చూస్తుంది. అందులో గీత శుభ్రంగా తిన్నగా ఉంది. మీటరు ఏసీలో సున్నా. ఈ రెండింటినీ నమ్మి ఉంటే ఏ జబ్బూ లేదనే అనుకునేదాన్ని. పాత జెర్మేనియం డయోడ్ ఒకటి, చిన్న కెపాసిటర్ ఒకటి కలిపి రేడియో ఫ్రీక్వెన్సీని డీసీగా మార్చి చూపే ప్రోబ్ చేసి, కొత్త జోబెల్ రెసిస్టర్ వేసి రెండు నిమిషాలు మాత్రమే ఆన్ చేశాను. ఇన్‌పుట్ షార్ట్ చేసి ఉన్నా అవుట్‌పుట్ మీద 2.8 వోల్టులు చూపించింది.

తెనాలిలో మా బాబాయ్ ముప్పై ఏళ్లు మైక్ సెట్ నడిపారు. పెళ్లిళ్లు, శ్రీరామనవమి పందిళ్లు, ఎలక్షన్ మీటింగులు, అన్నిటికీ ఆయన హారన్లే. ఫోన్ చేశాను.

"బాబాయ్, గెయిన్ తగ్గించాను. తగ్గిస్తే ఇంకా నెమ్మదిగా ఉండాలి కదా, కాలిపోతోందేంటి?"

"అమ్మలూ, మైకు తీసుకెళ్లి హారన్ ముందు పెడితే ఏమవుద్ది?"

"కూ అని కూస్తుంది."

"ఇదీ అదే. నీ చెవికి అందనంత పైన కూస్తోంది, అంతే. నువ్వు గెయిన్ ఎలా తగ్గించావ్? అవుట్‌పుట్‌ని వెనక్కి ఎక్కువ తిప్పి తగ్గించావ్. అంటే మైకుని హారన్‌కి ఇంకా దగ్గరగా జరిపావ్. రేడియో ఉందా ఇంట్లో?"

బ్యాటరీ రేడియో తెచ్చి ఆంప్ పక్కన పెట్టి షార్ట్ వేవ్ మెల్లగా తిప్పమన్నారు. తిప్పుతూ పోతే 4 మెగాహెర్ట్జ్ దగ్గరలో అప్పటిదాకా స్స్ అంటున్న గాలి శబ్దం ఒక్కసారిగా అణిగిపోయింది. స్టేషన్ ఏదీ లేదు. ఆంప్ ఆపితే గాలి మళ్లీ వచ్చింది. వేస్తే అణిగింది. ఒళ్లు జలదరించింది, నా పెట్టె నాకు తెలియకుండా ఒక ట్రాన్స్‌మిటర్ అయి కూర్చుంది. వెయ్యి రూపాయల లోపు రేడియో చెప్పిన నిజం ఇది.

బాబాయ్ చెప్పిందే డేటాషీట్‌లోనూ ఉంది, ఈ చిప్‌కి గెయిన్ కనీసం 10 ఉండాలని. నేనే చదవలేదు. ఫీడ్‌బ్యాక్ అవుట్‌పుట్ నుంచి వెనక్కొచ్చి తప్పుని సరిదిద్దాలి. కానీ చిప్ లోపల సిగ్నల్ నడిచి రావడానికి కొంత టైం పడుతుంది, ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ ఆ ఆలస్యం ఎక్కువ వంతు అవుతుంది, ఒకచోట సరిదిద్దాల్సింది కాస్తా తప్పునే ఎగదోస్తుంది. ఆ చోటుకి వచ్చేసరికి తిరిగొచ్చే సిగ్నల్ బలహీనపడిపోయి ఉంటే ఊగులాట ఆరిపోతుంది, బలంగా ఉంటే ఆగదు. 23 గెయిన్‌లో ఆరిపోయేది, 6లో ఆరలేదు. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఆలోచన బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే హెరాల్డ్ బ్లాక్‌కి 1927లో పడవ మీద ఆఫీసుకి వెళ్తుంటే వచ్చిందంటారు. అది ఎప్పుడు అదుపు తప్పుతుందో నైక్విస్ట్ లెక్క కట్టి చెప్పింది 1932లో. మధ్యలో ఐదేళ్లు. వాళ్లకే అంతసేపు పట్టిందని చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

జూన్ 22, ఆదివారం

22 కిలోఓములు మళ్లీ వేశాను. వాల్యూమ్ తగ్గించుకోవాలంటే ఇన్‌పుట్ దగ్గర రెండు రెసిస్టర్లతో తగ్గించుకోవచ్చు, ఫీడ్‌బ్యాక్‌ని ముట్టుకోవాల్సిన పని లేదు.

ఎడమ ఛానెల్ నెమ్మదించింది, 50 మిల్లీ ఆంపియర్లే. కుడి ఛానెల్ కూడా 50, కానీ 6 మీటర్ల స్పీకర్ వైరు తగిలిస్తే 120కి ఎగురుతుంది. రెండు బోర్డులూ ఒకటే, చిప్‌లు ఒకే షాపువి, తేడా ఎక్కడ? చిప్‌లు అటూ ఇటూ మార్చినా కుడి వైపే వస్తోంది. మధ్యాహ్నం దాకా చూస్తూ కూర్చుంటే కనిపించింది. ఎడమ బోర్డులో డీకప్లింగ్ కెపాసిటర్లు (చిప్ దగ్గర సప్లైని నిలకడగా ఉంచేవి) చిప్‌కి 3 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. కుడి బోర్డులో హీట్ సింక్ అడ్డమొచ్చిందని చిప్‌ని వైర్ల మీద బయటికి లాగాను, అక్కడ 9 సెంటీమీటర్లు.

తీగ ప్రతి మిల్లీమీటరుకీ దాదాపు 1 నానోహెన్రీ ఇండక్టెన్స్ (వేగంగా మారే కరెంటుకి అడ్డుపడే గుణం) అని మోటు లెక్క. 9 సెంటీమీటర్లంటే 90. 4 మెగాహెర్ట్జ్ దగ్గర అది 2 ఓములు దాటుతుంది. అంటే 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టుకున్నా ఆ ఫ్రీక్వెన్సీలో చిప్‌కి అది ఊరికి అవతల ఉన్న చెరువు లాంటిది. 0.1 మైక్రోఫారడ్ ఒకటి తీసుకుని, చిప్ ప్లస్ పిన్ను నుంచి మైనస్ పిన్నుకి నేరుగా, కాళ్లు వీలైనంత కత్తిరించి, పిన్నుల మీదే సోల్డర్ చేశాను. తర్వాత ఒక్కో సప్లై నుంచి పవర్ గ్రౌండుకి 220 మైక్రోఫారడ్ ఒక్కొక్కటి, సెంటీమీటరు లోపల.

ఇంకో తప్పు కూడా దొరికింది. జోబెల్ తిరుగు కాలు సిగ్నల్ గ్రౌండుకి వేశాను, పక్కనే రంధ్రం ఖాళీగా ఉందని. అవుట్‌పుట్‌లోని పై ఫ్రీక్వెన్సీలన్నిటినీ ఏరి తెచ్చి ఇన్‌పుట్ గుమ్మంలో పోస్తున్నానన్నమాట. దాన్ని పవర్ గ్రౌండుకి మార్చాను. షాపులో ఆ 2.7 ఓములకి తెల్ల సిమెంటు రెసిస్టర్ ఇచ్చారు, అది లోపల తీగ చుట్టినది, అంటే అదే ఒక కాయిల్. మెటల్ ఫిల్మ్ వేశాను.

ఇప్పుడు స్పీకర్ వైరు తగిలించినా 51. రేడియోలో గాలి అణగలేదు. ఇంతసేపూ హమ్ వేరు, ఆసిలేషన్ (తనంతట తానే ఊగడం) వేరు అనుకుని రెండు పేజీల్లో రాసుకుంటున్నాను. రెండు పేజీలూ పక్కన పెట్టి చూస్తే అడిగిన ప్రశ్న ఒక్కటే, ఈ కరెంటు తిరిగి ఇంటికి ఏ దారిన వెళ్తోంది అని. 100 హెర్ట్జ్ దగ్గర ఆ దారి ఎన్ని మిల్లీఓములో చూడాలి, 4 మెగాహెర్ట్జ్ దగ్గర ఎన్ని నానోహెన్రీలో చూడాలి.

జూన్ 28, శనివారం

కాయిల్ చుట్టాను. 18 గేజి ఎనామిల్ తీగ, 10 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ మీద 10 చుట్లు, దగ్గర దగ్గరగా. సుమారు 0.7 మైక్రోహెన్రీ వస్తుంది, డేటాషీట్ అడిగేదీ అంతే. దాని నడుమ 10 ఓముల 2 వాట్ల రెసిస్టర్ పెట్టి రెండు కొసలూ కలిపాను. పొడుగాటి స్పీకర్ కేబుల్ చిప్‌కి కెపాసిటర్‌లా కనిపించి అల్లరి పెట్టకుండా ఇది మధ్యలో నిలబడుతుంది.

స్నేహితురాలు కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తుంది, అక్కడ 20 మెగాహెర్ట్జ్ సీఆర్‌ఓ (పెద్ద స్కోప్), ఫంక్షన్ జనరేటర్ (పరీక్ష సిగ్నల్ ఇచ్చేది) ఉన్నాయి. 8 ఓముల డమ్మీ లోడ్ (స్పీకర్ బదులు రెసిస్టర్) పెట్టి 10 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇచ్చాం. మూలలు కాస్త గుండ్రంగా, నిండుగా, ఎక్కడా వణుకు లేదు. కావాలని లోడుకి అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ తగిలించాం. కాయిల్ షార్ట్ చేసి చూస్తే ప్రతి అంచు తర్వాతా ఎనిమిది తొమ్మిది సార్లు ఊగుతోంది, కాయిల్ ఉంటే మూడుసార్లు ఊగి ఆగిపోతోంది. ఇద్దరం అలా షార్ట్ చేసి తీసి, చేసి తీసి, ఎంతసేపు చూశామో. తెర మీద చూస్తే గానీ కాయిల్ ఏం చేస్తుందో మనసుకి పట్టదు.

జూలై 5, శనివారం

అన్నిటినీ ఇనుప క్యాబినెట్‌లోకి ఎక్కించే రోజు. ఎర్త్ వైరు ఛాసిస్‌కి (పెట్టె ఇనుప ఒంటికి) వేసే ముందు గోడ సాకెట్‌లో అసలు ఎర్త్ ఉందా అని చూశాను. ఫేజుకీ న్యూట్రల్‌కీ 229. ఫేజుకీ ఎర్త్‌కీ 140. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ 88. ఇలా అటూ ఇటూ కాని అంకెలు వస్తే ఎర్త్ పిన్ను గాలిలో వేలాడుతున్నట్టు. మూడు రంధ్రాల సాకెట్ ఉంది, లోపల వైరు లేదు. ఇన్నాళ్లూ ఫ్రిజ్, గీజర్ దీని మీదే నడుస్తున్నాయి! హమ్ సంగతి దేవుడెరుగు, ముందు ఇది చూడాలి.

ఇంటి ఓనర్ అంకుల్‌కి మీటరు చూపించి చెప్పాను. "ఇరవై ఏళ్ల నుంచి ఏమీ కాలేదు కదమ్మా" అన్నారు మొదట, తర్వాత గీజర్ మాట ఎత్తేసరికి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించారు. మీటర్ బోర్డు దాకా ఎర్త్ ఉంది, అక్కడి నుంచి మా పోర్షన్‌కి వచ్చే ఆకుపచ్చ వైరు ఎవరో ఎప్పుడో కత్తిరించి వదిలేశారు. కలిపాక ఎలక్ట్రీషియన్ ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూపించారు, నిండుగా వెలిగింది. ఇప్పుడు ఫేజు ఎర్త్ మధ్య 228, న్యూట్రల్ ఎర్త్ మధ్య 1.8. ఎర్త్ గుంటలో బొగ్గు, ఉప్పు వేసి ఎన్నేళ్లయిందో తెలియదు, ఎండాకాలం నీళ్లు పోస్తూ ఉండమన్నారు.

ఛాసిస్‌కి ఎర్త్ వైరు వేసే చోట పెయింటు గీకి, పళ్ల వాషరు పెట్టి, విడి బోల్టుతో బిగించాను, ఆ బోల్టు ఇంకే పనికీ వాడను. ఫ్యూజు, స్విచ్ రెండూ ఫేజు వైరులోనే.

జూలై 6, ఆదివారం

ఎర్త్ వచ్చాక కొత్త చిక్కు. ఫోన్ నుంచి పాడితే శుభ్రంగా ఉంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టి, దాన్నుంచి పాడితే గరగర. ఛార్జర్ తీసేస్తే పోతుంది. ల్యాప్‌టాప్ ఎర్త్ ఒక సాకెట్ నుంచి, ఆంప్ ఎర్త్ ఇంకో సాకెట్ నుంచి, రెండింటినీ ఆడియో కేబుల్ కవచం కలిపి పెద్ద చుట్టు అయింది. రెండు సాకెట్ల ఎర్త్‌ల మధ్య ఉన్న నాలుగైదు మిల్లీవోల్టులు ఆ కవచం గుండా కరెంటు తోస్తున్నాయి.

ఇక్కడ చాలామంది చేసే పని ఆంప్ ఎర్త్ పిన్ను పీకేయడం. గరగర పోతుంది, నిజమే. కానీ ఏదో ఒక రోజు ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ చెడి ఫేజు ఛాసిస్‌ని తాకితే, ఫ్యూజు కొట్టదు, వాల్యూమ్ నాబ్ పట్టుకున్నవాళ్లని కొడుతుంది. దయచేసి ఎవరూ ఈ పని చేయకండి, హమ్ ఉంటే ఉండనివ్వండి.

చేయాల్సింది వేరు. ఛాసిస్ ఎర్త్‌కి నేరుగా ఉంటుంది, దాన్ని ముట్టుకోం. లోపలి స్టార్ బోల్టుకీ ఛాసిస్‌కీ మధ్య మాత్రం 10 ఓముల రెసిస్టర్ పెడతాం. ఆ నాలుగు మిల్లీవోల్టులు ఇప్పుడు కవచం తీగ మీద కాకుండా ఆ 10 ఓముల మీద పడిపోతాయి. రెసిస్టరుకి అడ్డంగా ఇంకో 35 ఆంపియర్ల బ్రిడ్జి, దాని ప్లస్ మైనస్ కాళ్లు కలిపేసి, ఏసీ కాళ్లు రెండూ అటూ ఇటూ. లోపల ఏదైనా పెద్ద లోపం వస్తే వోల్టేజి ఒకటిన్నర వోల్టుల దగ్గరికి రాగానే డయోడ్లు తెరుచుకుని కరెంటు మొత్తాన్ని ఎర్త్‌కి పంపుతాయి, ఫ్యూజు కొడుతుంది. ఇంకా 0.1 మైక్రోఫారడ్ ఒకటి, రేడియో సిగ్నళ్ల కోసం. ఆర్‌సీఏ సాకెట్లు (ఆడియో కేబుల్ గుచ్చేవి) ఛాసిస్‌కి తగలకుండా ప్లాస్టిక్ వాషర్లు తప్పనిసరి, ఒక్క సాకెట్ తగిలినా ఈ ఏర్పాటంతా వృథా. నాకు ఒకటి తగిలింది, అరగంట వెతికించింది.

ఛార్జర్ పెట్టి ఉన్నా గరగర లేదు. ఎడమ 0.6, కుడి 0.9 మిల్లీవోల్టులు.

జూలై 12, శనివారం

బాబాయ్ ఎవరిదో పెళ్లికని హైదరాబాద్ వచ్చి, మధ్యాహ్నం మా ఇంటికొచ్చారు. ఇన్‌పుట్ షార్ట్ చేయమని, వాల్యూమ్ చివరిదాకా తిప్పించి, ఫ్యాన్ ఆపించి, స్పీకర్ కోన్‌కి చెవి ఆనించారు. ఎడమ దానికి ఒక నిమిషం, కుడి దానికి రెండు నిమిషాలు. తర్వాత మూత తీయమన్నారు. ముప్పై ఏళ్లు హారన్ల పక్కన నిలబడిన చెవి అది, నాకు వినపడనిది ఆయనకి వినపడింది.

"కుడిదాంట్లో సన్నగా ఉంది. ఈ స్విచ్‌కి పోయే మెయిన్ వైరు చూడు, కుడి ఇన్‌పుట్ పక్క నుంచే పోతోంది. దాన్ని అటు నుంచి తిప్పు. రెండూ దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు, పక్కపక్కన పోనివ్వకు."

స్విచ్‌ని వెనక ప్యానెల్‌కి మార్చి, మెయిన్స్ వైర్లు రెండూ కలిపి మెలిపెట్టి, ఎడమ గోడ వెంట ట్రాన్స్‌ఫార్మర్ దాకా తెచ్చాను. కుడి 0.9 నుంచి 0.4కి వచ్చింది, ఎడమ 0.5. మూత బిగించాక చివరగా ఒకసారి మూతకీ ఎర్త్ పిన్నుకీ మధ్య మీటరు పెడితే ఓపెన్ చూపించింది. పెయింటు వల్ల స్క్రూలు పట్టడం లేదు. మూత లోపలి వైపు గీకి, అరచేయంత ఆకుపచ్చ వైరు ఒకటి ఛాసిస్ బోల్టు నుంచి మూతకి వేశాక 0.2 ఓములు.